గాడిదో వైనో తేలని పాపిరస్

ట్రామ్ స్టాప్ దగ్గర నన్ను ఆపిన పోలీసాయన నా కాగితాన్ని చేయి చాచినంత దూరంలో పట్టుకొని చదివాడు. మహమ్మారి మొదలైన ఆ వసంతంలో జర్మనీలో నేనుండే ఊళ్ళో ఇల్లు దాటాలంటే సరైన కారణం ఉండాలి. సరుకులు తెచ్చుకోవడం, డాక్టరు దగ్గరికి వెళ్ళడం, కుక్కను తిప్పడం, ముసలివాళ్ళ బాగోగులు చూడడం లాంటివి. ఈ విద్యార్థిని రోజూ వచ్చి తీరాలి, బాగోగులు చూసే పని ఈమెది అని నా కాగితం మీద రాసి యూనివర్సిటీ ముద్ర వేశారు. ఎవరి బాగోగులో రాయడం మరిచిపోయారు.

"ఎవరిని చూసుకుంటారు?" అని అడిగాడు.

అప్పటికి నా జర్మన్ అంతంతమాత్రం. జర్మన్‌లో కూడా పాపిరస్‌ను పాపిరస్ అనే అంటారని తెలియక, వచ్చిన నాలుగు మాటలతోనే నెట్టుకొచ్చాను. "చాలా పాతవాళ్ళు. గాలి పడదు. తేమ పడదు. ఎండ పడదు. రోజూ ఎవరో ఒకరు వెళ్ళి చూడాలి."

"వృద్ధాశ్రమమా?"

"కాదండీ, లైబ్రరీ."

"వాళ్ళ వయసెంత?"

"పద్దెనిమిది వందల ఏళ్ళు. కొందరికి ఇంకా ఎక్కువే."

ఆయన నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూసి, కాగితం తిరిగిచ్చేశాడు. ఆ రోజుల్లో జర్మన్లు ఏ మాట మొదలుపెట్టినా "ఆరోగ్యంగా ఉండండి" అని ముగించేవాళ్ళు. ఆయనా అదే చెప్పి రెండడుగులు వేశాక వెనక్కి తిరిగి, "వాళ్ళకి కూడా చెప్పండి" అన్నాడు.

ఆ ముందటి ఏడు నేను కరీంనగర్ నుంచి కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చదవడానికి వచ్చాను. సాయంత్రాలు యూనివర్సిటీ క్యాంటీన్‌లో పళ్ళేలు కడిగేదాన్ని. క్యాంటీన్ మూతపడేసరికి ఏదో ఒక పని వెతుక్కోవాల్సి వచ్చింది. లైబ్రరీవాళ్ళ ప్రకటన ఒకటి కనిపించింది. పురాతన పాపిరస్ సేకరణకు డిజిటల్ పనులు తెలిసిన విద్యార్థి సహాయకులు కావాలని. డేటాబేస్ పనేమోనని దరఖాస్తు పెట్టాను. ఆ సేకరణను కనిపెట్టుకొని ఉండే సంరక్షకురాలు ఫోన్లోనే ఇంటర్వ్యూ చేసింది.

"దగ్గు ఉందా?"

"లేదు."

"చేతులకు చెమట పడుతుందా?"

"ఎక్కువగా పట్టదు."

"గ్రీకు వచ్చా?"

"రాదండీ." ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"మంచిది. వచ్చినవాళ్ళు చదువుతూ కూర్చుంటారు, పని జరగదు. సోమవారం రండి."

ఆవిడకు నాలుగేళ్ళ కొడుకు ఉన్నాడు. వాడు వెళ్ళే కీటా, అంటే పసిపిల్లల బడి, మూసేయడంతో ఆవిడ రోజూ రాలేకపోయేది. ఆవిడ రాని రోజుల్లో ఎవరో ఒకరు వెళ్ళి గది వేడి ఎంతుందో, గాలిలో తేమ ఎంతుందో చూసి ఆవిడకు చెప్పాలి. అదీ నా డిజిటల్ పని. రెండు అంకెలు చదివి ఫోన్లో పంపడం.

ఈ ఉద్యోగం గురించి అమ్మకు చెప్పడానికి నాకు వారం పట్టింది.

"పాత కాయితాలు చూసుడా?" అంది అమ్మ. "మన గల్లీల పాత పేపర్లు కొనేటోని లెక్కనా?"

"కాదమ్మా. ఇవి ఈజిప్టు దేశంల వేల ఏండ్ల కింద రాసినయి. కాయితం గుడ కాదు. తుంగ తీరు మొక్క ఉంటది, దాన్ని చీల్చి, పరిచి, ఒత్తి చేస్తరు."

"తుంగనా? మన చెరువుకాడ మొలిచే తుంగనా?"

"దానికి పెద్దన్న అనుకో."

"తుంగతోని చాపలల్లుతరు బిడ్డా. చాపను అద్దాల పెట్టి కావలి కాసుడేందే? గందుకు నిన్ను జర్మనీ దాకా పంపినమా?"

అమ్మ ఊరికే అన్నా, నిజానికి అద్దంలోనే పెట్టారు. ఒక్కో ముక్కనూ రెండు అద్దపు పలకల మధ్య పరిచి, అంచులకు పట్టీ అంటించి, ఇనుప బీరువాల్లో వరసగా నిలబెట్టారు. కొన్ని అరచేయంత ఉంటాయి, కొన్ని గోరంత. తేనెరంగు పీచు మీద నల్లటి గొలుసుకట్టు రాత. వాటిలో మహా కావ్యాలున్నాయేమో అనుకున్నాను. పంది పోయిందని పెట్టుకున్న ఫిర్యాదు, పన్ను కట్టలేనని మొర, చెల్లెలి మీద అలక ఇలాంటివే ఎక్కువట. సంరక్షకురాలు చెప్పింది.

మొదటి గొడవ కిటికీతో వచ్చింది. జర్మనీలో కిటికీ తెరవడం ఒక సంస్కారం. మహమ్మారి లేనప్పుడు కూడా ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు, రోజుకు ఎన్నిసార్లు గాలి పెట్టాలో ఒప్పందంలో రాసేవాళ్ళు. వైరస్ వచ్చాక ఆ సంస్కారం చట్టమైంది. యూనివర్సిటీలో అంతకుముందు నిప్పు ఆర్పే సిలిండర్లు చూసుకునే పెద్దమనిషిని పరిశుభ్రతా అధికారిని చేశారు. ఆయన ఒక ఉదయం మా గదికి వచ్చి, ముద్దుగా మడతపెట్టిన టేపు విప్పి, గది కొలిచి, కిటికీ వైపు వేలు చూపించాడు.

"గంటకోసారి బార్లా తెరవాలి."

సంరక్షకురాలు ఆ రోజు వచ్చింది. ముక్కు మీద ఉన్న భూతద్దాన్ని నుదుటి మీదికి తోసి, "నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆ కిటికీ తెరుచుకోలేదు" అంది.

"గాలి ఆడకపోతే వైరస్ గదిలోనే నిలిచిపోతుంది."

"గదిలో ఉండేది ఒక్క అమ్మాయి. ఆమె నుంచి ఎవరికి అంటుతుంది?"

"నిబంధన గదికి. మనుషుల లెక్క అందులో లేదు."

"నా నిబంధన కూడా గదికే. తేమ మారితే పీచు ఉబ్బుతుంది, సిరా రాలుతుంది. పద్దెనిమిది వందల ఏళ్ళు బతికి, మీ గాలికి పోతుంది."

ఇద్దరూ మాస్కుల వెనక నుంచి చాలా మర్యాదగా అరుచుకున్నారు. విషయం కమిటీకి వెళ్ళింది. కమిటీ వీడియోలో కూర్చొని ఆలోచించి, రెండు నిబంధనలూ నిలబడేలా ఒక దారి కనిపెట్టింది. గది కిటికీ తెరవకూడదు. దానికి బదులు గదిలోని వ్యక్తి గంటకోసారి వరండాలోకి వెళ్ళి, అక్కడి కిటికీ తెరిచి, దాని ముందు నిలబడాలి. గదికి గాలి పెట్టే బదులు మనిషికి గాలి పెట్టడమన్నమాట. ఆ నిర్ణయాన్ని లామినేషన్ చేయించి తలుపుకు అంటించారు.

ఏప్రిల్ అయినా చలి తగ్గలేదు. నేను గంటకోసారి కోటు తొడుక్కొని, వరండా కిటికీ ముందు నిలబడి, వణుకుతూ లోపలికి వచ్చేదాన్ని. ఇంటికి వచ్చి ఈ సంగతి నా రూమ్మేట్‌కు చెప్పాను. ఆమెది హైదరాబాద్, టోలీచౌకి. ఫార్మసీ చదువుతోంది. నాకంటే మూడేళ్ళు పెద్ద కాబట్టి ఆపా అని పిలిచేదాన్ని.

"అరె వా!" అంది ఆపా. "నిన్ను దుప్పటి లెక్క ఆరేస్తున్నరా?"

"నవ్వకు ఆపా. ముక్కు గడ్డ కడుతుంది."

"నవ్వక ఏం జెయ్యాలె? నా వీసా పొడిగించుకునేటందుకు రెండు నెలల సంది కొట్టుకుంటున్న. టెర్మిన్ దొరుకుతలేదు, కలిసే టైమే ఇస్తలేరు. ఫోన్ ఎత్తరు, మెయిల్‌కు జవాబియ్యరు. నీ చాపలకేమో రోజూ పరామర్శ. వచ్చే జన్మల పాపిరస్‌నై పుడ్తనే. కమ్సేకమ్ వేడి సరిగుందా అని అడుగుతరు."

నాదీ అదే పరిస్థితి. నా రెసిడెన్స్ పర్మిట్ గడువు వేసవితో అయిపోతుంది. విదేశీయుల కార్యాలయం తలుపు మీద మూసివేయబడినది అని బోర్డు. ఇద్దరం పొద్దున్నే లేచి ఆ వెబ్‌సైట్ తెరిచేవాళ్ళం. ఒక్క టెర్మిన్ కూడా ఖాళీ లేదని అది చెప్పేది. తర్వాత ఆపా పుస్తకాలు ముందేసుకొని కూర్చుంటే, నేను పాపిరస్‌ల క్షేమం కనుక్కోవడానికి వెళ్ళేదాన్ని.

మే నెలలో మా పాపిరస్‌లకే టెర్మిన్లు ఇవ్వడం మొదలైంది. పరిశోధకులు ఎవరూ రాలేరు కాబట్టి, ఎవరికి ఏ ముక్క చూడాలని ఉంటే దాన్ని కెమెరాలో చూపిస్తామని లైబ్రరీ ప్రకటించింది. ప్రకటించిన రోజే రెండు అభ్యర్థనలు వచ్చాయి. రెండూ ఒకే పాపిరస్ కోసం. ఒకటి రిటైరైన ఒక ప్రొఫెసర్ నుంచి, ఇంకొకటి రిటైరైన ఒక ప్రొఫెసరమ్మ నుంచి. ఇద్దరికీ డెబ్బై దాటి చాలా ఏళ్ళే అయింది.

సంరక్షకురాలు ఫోన్లో ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది. "మొదలైందా. వాళ్ళిద్దరికీ వేర్వేరు రోజులు ఇవ్వండి. కలపకండి."

"ఎందుకండీ?"

"ఆ ముక్క తీసి చూడండి. నాలుగో వరుస."

నాకు నాలుగో వరుస కనిపించింది కానీ అర్థం కాలేదు. ఆవిడే వివరించింది. ఈజిప్టులో ఒక పల్లెటూరి మనిషి తన అన్నకు, ఆ కాలంలో అక్కడ చెల్లుబాటైన గ్రీకులో, రాసిన ఉత్తరమది. పెళ్ళి దగ్గర పడింది, చుట్టాలు వచ్చేశారు, నువ్వు వెంటనే ఫలానాది పంపు, అది రాకపోతే నా పరువు పోతుంది అని. ఆ ఫలానాది ఏమిటన్నదే తగాదా. గ్రీకులో గాడిదను ఒనోస్ అంటారు, వైన్‌ను ఒయినోస్ అంటారు. రెండింటికీ తేడా ఒక్క నిలువు గీత. గీత ఉంటే వైన్, లేకపోతే గాడిద. సరిగ్గా ఆ చోట సిరా రుద్దుకుపోయింది. మిగిలినది గీతో, పీచు నీడో తెలియదు. ప్రత్యేకమైన కెమెరాతో ఫోటోలు కూడా తీశారు. ఫోటో చూసి ఇద్దరూ సంతోషించారట, చూశారా నేను చెప్పలేదా అని.

"ఎన్నాళ్ళుగా ఈ తగాదా?"

"నేను చదువుకునే రోజుల్లో అప్పటికే పాతది."

అలా మంగళవారం ప్రొఫెసర్‌కూ, బుధవారం ప్రొఫెసరమ్మకూ టెర్మిన్ ఇచ్చాను. మనసులో మాత్రం వాళ్ళకు గాడిద ప్రొఫెసర్, వైన్ ప్రొఫెసరమ్మ అని పేర్లు పెట్టుకున్నాను. కెమెరా స్టాండుకు బిగించి, చిన్న లైటు చేత్తో పట్టుకొని, వాళ్ళు చెప్పిన వైపు వంచడం నా పని.

"కొంచెం ఎడమకి. ఇంకొంచెం కిందికి. ఆగండి. ఆ! చూశారా? అక్కడ ఏమీ లేదు," అనేవాడు మంగళవారం ఆయన.

"కొంచెం ఎడమకి. ఇంకొంచెం కిందికి. అలాగే ఉంచండి. చూశారా, ఎంత స్పష్టంగా ఉందో," అనేది బుధవారం ఆవిడ.

నేను ఇద్దరికీ చూశానండీ అనే చెప్పేదాన్ని. అబద్ధం కాదు. చూస్తూనే ఉన్నాను కదా.

వారం వారం ఇదే. ఇద్దరూ నాతో చాలా ఆప్యాయంగా ఉండేవాళ్ళు. ఆయన నా జర్మన్ తప్పులు దిద్దేవాడు. ఆవిడ నేను సరిగా తింటున్నానో లేదో అడిగేది. ఒకరి గురించి ఒకరు చెప్పాల్సి వస్తే మాత్రం ముఖం గంభీరంగా పెట్టి, "గౌరవనీయురాలైన నా సహోద్యోగి", "మాన్య సహోద్యోగి గారు" అనేవాళ్ళు.

జూన్‌లో ఒక మంగళవారం ఆయన స్క్రీన్ మీదికి ఒక బూడిద రంగు పిల్లి ఎక్కింది. ఎడమ చెవి చిరిగి ఉంది. ఆయన దాన్ని దింపేశాడు. మరునాడు ఆవిడ వెనక సోఫా మీద ఒక బూడిద రంగు పిల్లి పడుకొని ఉంది. తల ఎత్తింది. ఎడమ చెవి చిరిగి ఉంది. జర్మనీలో పిల్లులన్నీ ఇలాగే ఉంటాయేమోననుకున్నాను.

ఆ తర్వాతి వారం పిల్లి సంగతి తేలలేదు గానీ, ఇద్దరూ కలిసి చూడాలని పట్టుబట్టారు. ఒకరికి నేను లైటు పట్టిన తీరు అన్యాయమని ఇంకొకరు అంటున్నారు కాబట్టి, ఒకే లైటు కింద తేల్చుకుంటామన్నారు. సంరక్షకురాలు వద్దంటూనే ఒప్పుకుంది. వాళ్ళిద్దరూ నేనూ వీడియోలో ఒకేసారి కలిశాం. మొదటి నిమిషంలోనే అరుపుల్లాంటి ప్రతిధ్వని. ఆయన మాట్లాడితే ఆయన మాటే ఆవిడ వైపు నుంచి మళ్ళీ వినిపిస్తోంది. ఆవిడ దగ్గితే ఆయన దగ్గర కూడా దగ్గు. ఈలోగా ఎక్కడో కెటిల్ ఈల వేసింది. రెండు స్క్రీన్లలోనూ ఒకేసారి.

ఆయన లేచి వెళ్ళాడు. ఈల ఆగింది. రెండు స్క్రీన్లలోనూ ఆగింది. కాసేపటికి ఆవిడ స్క్రీన్‌లో, పక్క నుంచి ఒక చేయి వచ్చి టీ కప్పు పెట్టి వెళ్ళింది. ఆ చేతికి ఆయన వేసుకున్న ఆకుపచ్చ స్వెటరే ఉంది.

నేను ఉండబట్టలేక అడిగేశాను. "క్షమించండి, మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారా?"

"పెళ్ళైనప్పటి నుంచీ" అంది ఆవిడ.

"అది ఈ సమావేశానికి సంబంధించిన విషయం కాదు" అన్నాడు ఆయన.

తర్వాత ఒక బుధవారం ఆవిడే నాకు చెప్పింది. పెళ్ళైన కొత్తలో ఒక క్రిస్మస్ భోజనం దగ్గర ఈ గీత మీద గొడవపడి, వేపిన బాతు చల్లారిపోయి, పిలిచిన చుట్టాలు తినకుండానే వెళ్ళిపోయారట. ఆ రోజు ఒప్పందం చేసుకున్నారు. ఇంట్లో ఈ పాపిరస్ మాట ఎత్తకూడదు. వాదించుకోవాలంటే సభల్లోనే, పత్రికల్లోనే. అక్కడ వాళ్ళు భార్యాభర్తలు కారు, సహోద్యోగులు. అప్పటి నుంచి ఏటా రెండు మూడు సభలకు ఒకే రైలెక్కి వెళ్ళి, వేదిక మీద మీరు మీరు అనుకుంటూ తిట్టుకొని, మళ్ళీ ఒకే రైల్లో ఇంటికి వచ్చేవాళ్ళు.

"ఇప్పుడు సభలన్నీ రద్దయ్యాయి కదా" అంది ఆవిడ. "రోజంతా ఇంట్లోనే ఉంటాం. ఈ పూట బంగాళాదుంపలా, నూడుల్సా అని తప్ప మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. ఈ సభ ఒక్కటే మిగిలింది మాకు. ఇందులో శ్రోత మీరొక్కరే."

ఆ మాట విన్నాక లైటు పట్టుకోవడం మీద నాకు గౌరవం పెరిగింది. చేయి నొప్పి పుట్టినా దించేదాన్ని కాదు.

జులైలో ఆంక్షలు కొంచెం సడలాయి. చదువుకునే గదిలోకి ఒకసారికి ఒక పక్షాన్ని రానిస్తామని లైబ్రరీ చెప్పింది. పక్షమంటే ఒక మనిషి, లేదా ఒకే ఇంట్లో ఉండే కుటుంబం. వాళ్ళిద్దరూ కళ్ళజోళ్ళు తుడుచుకొని, మంచి బట్టలు వేసుకొని, చేతిలో చేయి వేసుకొని వచ్చారు. వీడియోలో ముఖాలే చూసిన నాకు ఆయన అంత పొడుగని, ఆవిడ అంత పొట్టి అని అప్పుడే తెలిసింది.

గుమ్మంలో పరిశుభ్రతా అధికారి టేపుతో నిలబడి ఉన్నాడు. "ఒకే ఇంటివాళ్ళు కాబట్టి మిమ్మల్ని ఒక పక్షంగా రాసుకుంటాను."

"వద్దు" అన్నాడు ప్రొఫెసర్. "ఈ పాపిరస్ విషయంలో మేమిద్దరం ఒక పక్షం కాదు."

"అయితే ఇద్దరిలో ఒకరే లోపలికి వెళ్ళాలి."

"మేమిద్దరం కలిసి చూడాలి."

"కలిసి చూడాలంటే ఒక పక్షం కావాలి. వేర్వేరు పక్షాలైతే మధ్యలో ఒకటిన్నర మీటర్ల దూరం ఉండాలి. ఆ మైక్రోస్కోప్ అంత వెడల్పు లేదు."

ప్రొఫెసర్ కర్ర నేలకు తాటించాడు. "ఆమె రాసిన దానికి నేను సంతకం పెట్టినట్టు అవుతుంది. మా రంగంలో చిన్న మాట కూడా పాకుతుంది."

చివరికి ఆవిడే దారి చెప్పింది. "ఆరోగ్యం విషయంలో ఒక పక్షం, గ్రీకు విషయంలో రెండు అని రాయండి." అధికారి కొంచెం ఆలోచించి, అక్షరం పొల్లుపోకుండా అలాగే రాసుకున్నాడు. నిబంధనలు రాసే మనిషికి ఆ వాక్యం నచ్చినట్టుంది.

లోపల సంరక్షకురాలు బల్ల మీద పాపిరస్‌ను సిద్ధంగా ఉంచింది. ఇద్దరూ వంగారు. వంగీ వంగగానే మాస్కులోంచి వచ్చిన ఊపిరికి ఇద్దరి కళ్ళజోళ్ళూ తెల్లగా మసకబారాయి.

"ఏమీ కనిపించడం లేదు" అంది ఆవిడ.

"నేను ముందు నుంచీ అదే చెబుతున్నాను" అన్నాడాయన.

మాస్కు తీయడానికి అధికారి ఒప్పుకోడు. పాపిరస్ మీద ఊపిరి పడడానికి సంరక్షకురాలు ఒప్పుకోదు. అద్దాలు తుడవడం, వంగడం, మసకబారడం, మళ్ళీ తుడవడం. ఆయన ఊపిరి బిగబట్టి చూస్తానన్నాడు. బిగబట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి. మెడ మీద నరం లేచింది. అయినా వదలడం లేదు.

అప్పటిదాకా ఆయన్ను నా ముందు మీరు అంటూ వచ్చిన ఆవిడ ఒక్కసారిగా వీపు మీద చరిచింది. "ఊపిరి పీల్చు, మొండివాడా! గాడిద కోసం చచ్చిపోతావా?"

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. సంరక్షకురాలికి ఏదో తోచింది. కళ్ళజోళ్ళు పక్కన పెట్టించి, మైక్రోస్కోప్‌ను వాళ్ళ చూపుకు సరిపోయేలా తిప్పింది. ముందు ఆయన చూశాడు. చాలాసేపు. నేను అలవాటుగా లైటును ఎడమకి, కొంచెం కిందికి వంచాను. తర్వాత ఆవిడ చూసింది.

"గీత ఉంది" అన్నాడు ప్రొఫెసర్ మెల్లగా.

"లేదు" అంది ప్రొఫెసరమ్మ, అదే క్షణంలో.

ఇద్దరూ ఒకరి వైపు ఒకరు తిరిగారు.

"ఏమన్నారు మీరు?"

"మీరు చెప్పింది నిజమే అన్నాను. సిరా ఉంది. అది వైనే."

"కాదు. మీరు మొదటి నుంచీ చెబుతున్నదే నిజం. అది పీచు నీడ. నేనే పొరబడ్డాను. గాడిదే."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అంత పెద్దవాళ్ళు, అన్నేళ్ళ తర్వాత, ఒకరి మాట ఒకరు ఒప్పుకున్నారు. ఇక కౌగలించుకుంటారని, మేమంతా చప్పట్లు కొట్టాలని అనుకున్నాను. కానీ ఆయన కనుబొమ్మలు ముడిచాడు.

"గాడిద ఎలా అవుతుందండీ? పెళ్ళికి వైన్ లేకుండా ఎలా? మీరే రాశారు కదా!"

"చుట్టాలను ఊరేగించడానికి గాడిద వద్దా? మీరే రాశారు కదా!"

ఆయన ఆవిడ పాత వ్యాసంలోని వాక్యాలు వల్లిస్తున్నాడు. ఆవిడ ఆయన వాక్యాలు వల్లిస్తోంది. ఒకరి రాతలు ఒకరికి కంఠతా వచ్చు. ఒక్క పదం తడబడలేదు. ఆవిడ ఒక చోట ఆగితే ఆయనే అందించాడు కూడా, "మూడో పేరా" అని. సంరక్షకురాలు గోడ వైపు తిరిగి నిలబడింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

అధికారి తలుపు తట్టాడు. గంట అయిందట, మనుషులకు గాలి పెట్టాలట. అందరం వరండా కిటికీ ముందు వరసగా నిలబడ్డాం. బయట ఎండ బాగుంది. ఒక పక్షంగా నిలబడి వాళ్ళిద్దరూ గాడిద, వైన్ అంటూ కిటికీలోంచి వీధిలోకి వాదించుకుంటూనే ఉన్నారు. కింద సైకిల్ మీద వెళ్ళే ఒకాయన ఆగి పైకి చూసి వెళ్ళాడు.

ఆ వారం నాకు నిజమైన కంప్యూటర్ పని ఒకటి దొరికింది. లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఆ పాపిరస్ వివరాల కింద, ఫలానా వారి ప్రకారం గాడిద, ఫలానా వారి ప్రకారం వైన్ అని ఉండేది. ఆ రెండు పేర్లను అటుదిటు, ఇటుదటు మార్చమని సంరక్షకురాలు చెప్పింది. మాస్టర్స్ చదువుతున్న నాకు ఆ పని ఎంతసేపూ పట్టలేదు. మార్చాక ఆవిడ ఫోన్ చేసి, "పాత ప్రతి చెరిపేయకండి, మళ్ళీ అవసరం పడొచ్చు" అంది.

ఆగస్టులో ఆపాకూ నాకూ ఒకే రోజు టెర్మిన్లు దొరికాయి. కార్యాలయంలో నన్ను ఏం పని చేస్తున్నావని అడిగారు. పాపిరస్‌లను చూసుకుంటున్నానని ఈసారి సరైన జర్మన్‌లో చెప్పాను. కిటికీ అవతల కూర్చున్నావిడ, "ఇంకా బతికే ఉన్నాయా?" అని అడిగి, ముద్ర వేసేసింది. కీటాలు తెరుచుకున్నాయి. సంరక్షకురాలు రోజూ రావడం మొదలుపెట్టింది. సెప్టెంబరుతో నా ఒప్పందం ముగిసింది.

ఆ నెలాఖరున ముసలి దంపతులు నన్ను కాఫీకి పిలిచారు. ఇంటి వెనక చిన్న తోట, చెక్క బల్ల. ఆలూబుఖారా పళ్ళు పరిచి కాల్చిన కేకు చేసింది ఆవిడ. పిల్లి నా కుర్చీ కింద పడుకుంది. ఇల్లు కాబట్టి పాపిరస్ మాట రాలేదు. ఆయన నా చదువు గురించి అడిగాడు, ఆవిడ మా అమ్మ గురించి అడిగింది. తర్వాత మాట నా భాష మీదికి మళ్ళింది. మీ లిపి ఎలా ఉంటుందో రాసి చూపించమన్నారు.

వాళ్ళకు నచ్చేదేం రాయాలా అని ఆలోచించి, పేపర్ నాప్‌కిన్ మీద రెండు పదాలు రాశాను. మేక. మేకు.

"రెండూ ఒకటే కదా" అన్నాడాయన.

"కాదండీ. మొదటిది పాలిచ్చే మేక. రెండోది గోడకు కొట్టే మేకు."

ఆవిడ నాప్‌కిన్ దగ్గరికి లాక్కుంది. "తేడా ఈ చిన్న తోకేనా?"

"దాన్ని మేం కొమ్ము అంటాం."

"కొమ్ము అంటే?"

"మేకకు ఉంటుంది కదా, తల మీద. అదే."

ఇద్దరూ నా ముఖం చూశారు. ఆవిడ చాలా జాగ్రత్తగా అడిగింది. "అంటే మీ భాషలో కొమ్ము లేకపోతే మేక. కొమ్ము పెడితే మేక కాకుండా పోతుంది?"

"అవునండీ. మేకు అవుతుంది."

"ఇది సరదాకి అంటున్నది కాదు కదా?"

"ఒకటో తరగతి పిల్లల్ని అడిగినా చెబుతారు."

ఆయన లేచి ఇంట్లోకి వెళ్ళి భూతద్దం తెచ్చాడు. నాప్‌కిన్ మీద వంగి నా కొమ్మును అటు నుంచీ ఇటు నుంచీ పరిశీలించాడు. "గీత చివర కాగితం పీచులోకి సిరా పాకింది" అన్నాడు. "వెయ్యేళ్ళ తర్వాత చూసేవాడు దీన్ని మరకనుకుంటాడు."

"ఎందుకనుకుంటాడు?" అంది ఆవిడ. "స్పష్టంగా ఉంది."

"స్పష్టంగా ఎక్కడుంది? ఆమె మనకు చెప్పింది కాబట్టి మీకు కనిపిస్తోంది."

మీకు అన్న మాట వినగానే ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుంది. కళ్ళు మెరిశాయి. కేకులో రెండో ముక్క కోసి నా పళ్ళెంలో పెట్టి, "తింటూ ఉండండి, ఇది కొంచెం సేపు పడుతుంది" అని చెప్పి, పెన్సిల్ అందుకుంది.